కళాశాల ఫుట్‌బాల్ జట్టు – మన కర్తవ్యము

వానకాలము వచ్చినది. కళాశాలలు తెరువబడినవి. మన పేటకు సమీపమున గల కళాశాల మైదానములో ప్రతిదినము ఉదయము ఆరు గంటలకే బంతి చప్పుడు వినబడుచున్నది. విశ్వవిద్యాలయపు అంతర్ కళాశాలల ఫుట్‌బాల్ పోటీలకు ఆటగాండ్ర పేర్లు పంపవలసిన గడువు ఇంక పది దినములే యున్నది. తెలుగు బడులకు ఉపాధ్యాయులు కావలెనని, తెలుగు పుస్తకములు వేళకు రావలెనని ఈ పత్రికలో వ్రాయుచు వచ్చిన మేము, ఈ వారము బంతియాటను గూర్చి వ్రాయుట చూచి కొందరు పెద్దలు నవ్వుకొనవచ్చును. కాని ఆ బంతి దొర్లుచు దొర్లుచు మన సంఘపు కార్యవర్గ సమావేశములోనికే వచ్చి పడినది. కావున దానిని గూర్చి మాటలాడక తప్పదు.

గత ఆదివారము సమావేశమునకు ఒక కాగితము వచ్చినది. మన పేటలోని వర్తక ప్రముఖులు పలువురు దానిపై చేవ్రాలు చేసిరి. అందలి సారాంశము ఇది: ఆ కళాశాల కట్టడమునకు మనవారు ఉదారముగా విరాళములిచ్చిరి, ఆ కళాశాలలో గోలుకీపరుగా ఆడదగిన తెలుగు పిల్లవాడు ఒకడు కలడు, అయినను కోచ్‌గారు అతనిని వెనుకకు నెట్టి మరియొక భాషవానిని నిలుపుచున్నారు, కావున సంఘము పక్షమున ప్రిన్సిపాలుగారికి గట్టిగా ఒక ఉత్తరము వ్రాయవలెను. ఆ ఉత్తరముపై మేము చేవ్రాలు చేయజాలమని చెప్పితిమి. అందువలన కొందరు నొచ్చుకొనిరి. "అధ్యక్షులే ఇట్లనిన ఇంక మన పిల్లలకు దిక్కెవరు?" అని ఒక పెద్దమనిషి లేచి వెళ్లిపోయిరి. వారియెడ మాకు గౌరవమే కాని కోపము లేదు. మేమెందుకు చేవ్రాలు చేయలేదో పదిమంది యెదుట చెప్పుట మా విధి కనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాట. ఇందులో కళాశాల పేరుగాని, పిల్లల పేర్లుగాని వ్రాయుట లేదు. చదువరులలో పలువురికి వారెవరో తెలియును. తెలియనివారికి తెలియవలసిన అవసరము లేదు. పందొమ్మిదేండ్ల పిల్లవాని తప్పొప్పులు పేరుతో అచ్చులో పడినచో అవి వానిని చిరకాలము వెంటాడును. మనము మాటలాడవలసినది స్థానములను గూర్చి, ఆటను గూర్చి, మన నడవడిని గూర్చి.

మేము ఆట తెలిసిన పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష ముగిసిన మూడవనాడు మా తండ్రిగారు మమ్ము చిక్కపేటలోని బట్టల దుకాణములో కూర్చుండబెట్టిరి. అప్పటికి మేము బడి జట్టులో కుడి హాఫుగా ఆడుచుంటిమి. బూట్లు అటకమీదికి పోయినవి. మీటరుబద్ద చేతికి వచ్చినది. ఆ దుకాణమే మాకు అన్నము పెట్టినది, దానిని నిందింపము. కాని ఆదివారము సాయంకాలములందు అశోకనగరు స్టేడియమునకు పోయి ఆట చూచు అలవాటు మాత్రము నేటికిని పోలేదు. ఆ కొద్దిపాటి అనుభవముతోనే ఈ నాలుగు మాటలు.

బెంగుళూరునకు ఫుట్‌బాల్ కొత్త కాదు. బొంబాయి రోవర్సు కప్పును 1937లో గెలిచి, ఆ గౌరవము పొందిన తొలి భారతీయ జట్టుగా నిలిచినది బెంగుళూరు ముస్లిముల జట్టే. 1938లోను ఆ కప్పు వారిదే. పూర్వపు మైసూరు రాష్ట్రపు జట్టు సంతోష్ ట్రోఫీని నాలుగు పర్యాయములు గెలిచెను. అందు కడపటిది 1968-69లో. ఆ పిమ్మట ఐదు దశాబ్దములకు పైగా ఎదురుచూచి, 2023 మార్చిలో సౌదీ అరేబియా రాజధాని రియాదులో మేఘాలయను 3–2 గోలులతో ఓడించి కర్ణాటక ఆ ట్రోఫీని మరల తెచ్చుకొన్నది. గౌతమపురపు వీధిలో పేలే విగ్రహము నిలిపి గౌరవించుకొనుచున్న నగరమిది. ఇట్టి నగరములో తాతముత్తాతల నాటినుండి నివసించుచున్న మన కుటుంబముల పిల్లలు మైదానములో ఎందరున్నారని అడిగిన, వేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ లెక్క ఎందుకు అట్లున్నదో ఈ యేటి జట్టును చూచిన తెలియును.

ఇక జట్టు సంగతి. జూన్ మాసము నుండి మేము నాలుగు ఆదివారములు మైదానపు గట్టున నిలిచి అభ్యాసపు ఆటలు చూచితిమి. కోచ్‌గారు నలుగురు బ్యాకులు, నలుగురు హాఫులు, ఇద్దరు ఫార్వర్డులు అను పద్ధతిని అనుసరించుచున్నారు. విద్యార్థుల జట్టుకు ఇది తగిన పద్ధతి. ఎవరి చోటు వారికి స్పష్టముగా తెలియును; తికమక తక్కువ.

గోలుకీపరు మూడవ సంవత్సరము చదువుచున్న తమిళ యువకుడు, హలసూరు వైపువాడు. అతని చేతులు నమ్మదగినవి. అంతకంటె ముఖ్యముగా అతని కాళ్లు నమ్మదగినవి. 1992లో వచ్చిన నిబంధన ప్రకారము, తన జట్టువాడు కాలితో కావలెనని వెనుకకు పంపిన బంతిని గోలుకీపరు చేతితో పట్టరాదు. నాటినుండి గోలుకీపరును ఒక బ్యాకువలె కాలితో ఆడక తప్పదు. ఈ యువకుడు కంగారుపడక, చూచి, తనవానికే బంతిని అందించును. మన పిల్లవాడు రెండవ సంవత్సరము బి.కాం. అతనికంటె పొడగరి, ఎత్తుగా వచ్చిన బంతిని పట్టుటలో అతనికంటె మిన్న. కాని గోలుగీత విడిచి ముందుకు వచ్చుటకు జంకును; వెనుకకు వచ్చిన బంతిని తడబడి ఎదిరి కాళ్లకే తన్నివేయును. మేము చూచిన ఆటలలో రెండు గోలులు ఆ తడబాటు వలననే పడినవి. దీనిని దాచిన దాగదు. ఒక్క యేడు శ్రద్ధగా అభ్యాసము చేసినచో వచ్చు సంవత్సరము ఆ స్థానము ఎవరి సిఫారసు లేకయే ఇతనికి దక్కును.

నడిమి బ్యాకులు ఇద్దరును ఈ జట్టుకు మూలస్తంభములు. ఒకడు మండ్య జిల్లా కన్నడిగుడు; మరియొకడు త్రిశూరు నుండి వచ్చిన మలయాళి. ఒకడు ఎదిరిపై దుమికిన రెండవవాడు వెనుక కాపుగా నిలుచును. నిరుటినుండి కలిసి ఆడుట వలన వారికి మాటతో పనిలేదు. కుడి బ్యాకు శివాజీనగరు ముస్లిము యువకుడు; పరుగునకు అలుపెరుగడు. ఈ మూడు స్థానములకు దిగులు లేదు.

దిగులంతయు ఎడమ బ్యాకు స్థానమునకే. నిరుడు ఆ చోట ఆడినవాడు మన పిల్లవాడు. పుట్టుకతో ఎడమకాలివాటము గలవాడు. ఎడమ అంచున కుడికాలివానిని నిలిపిన, బంతిని కుడికాలికి మార్చుకొనులోగా ఎదిరి వచ్చి పైబడును. పంపిన బంతియు అంచువెంట సాగక నడిమికే వంగును. ఎడమకాలివాడు దొరకుట ఏ కోచ్‌కైనను అదృష్టమే. అట్టివానిని తండ్రిగారు జూన్ నెలలో ఆట మాన్పించిరి. ఇప్పుడు ఆ స్థానమున కుడికాలి హాఫు నొకనిని నిలిపి ఎట్లో నెట్టుకొని వచ్చుచున్నారు.

నడుమ ఆటకు నాయకుడు, జట్టుకును నాయకుడు, మిజోరము నుండి చదువుకొనవచ్చిన యువకుడు. మనిషి పొట్టి, చూపు పొడవు. బంతి కాలికి తగులకముందే దానిని ఎవరికి పంపవలెనో అతనికి తెలిసియుండును. మన పిల్లలతో తిరిగి తిరిగి "రా అన్నా, ఇటు అన్నా" అని నాలుగు తెలుగు మాటలు కూడ పట్టుకొనినాడు. మిగిలిన ముగ్గురు హాఫులు మంచి కష్టజీవులు. కాని అందులో ఒకనిని ఎడమ బ్యాకునకు దింపుట వలన అక్కడను ఒక లోటు ఏర్పడినది. ఒక చోట చినిగిన గుడ్డకు మరియొక చోటి గుడ్డ కోసి మాసిక వేసినట్లున్నది.

ఫార్వర్డులలో మొదటివాడు మిక్కిలి వేగము గలవాడు. కాని గోలు ముందర తొందరపడి బంతిని ఆకాశమునకు పంపును. రెండవవాడు కోలారు వైపు రైతుబిడ్డ. ఇంట తెలుగు, బడిలో కన్నడము. మొగము నేలకు వంచి ఆడును, ఎక్కువ పరుగెత్తడు, గోలుముందర మాత్రము తప్పడు. మేము చూచిన ఆటలలో జట్టు వేసిన గోలులలో సగమునకు మించి ఇతనివే.

మొత్తముమీద ఇది నిరుటి జట్టుకంటె బలమైనది. నిరుడు క్వార్టరు ఫైనలు వరకు పోయి, చివరి పది నిమిషములలో దమ్ము చాలక ఓడిరి. ఈ యేడు కోచ్‌గారు వేసవిలోనే పరుగులు పెట్టించి ఆ లోటు తీర్చిరి. తొలి రెండు ఆటలు గెలుతురనుటలో మాకు సందేహము లేదు. ఆ మీద తగులునవి ఆటగాండ్రకు ప్రత్యేకముగా సీట్లిచ్చి చేర్చుకొను పెద్ద కళాశాలలు. వారు మొదటి పావుగంటలోనే ఈ ఎడమప్రక్క సందును కనిపెట్టి అటే బంతి నడుపుదురు. ఎదుటి దుకాణములో ఏ సరుకు లేదో వర్తకునికి తెలియదా? ఆటయు అంతే. ఎడమ బ్యాకు దొరికిన యెడల ఈ జట్టు సెమీఫైనలు చేరదగినది. దొరకని యెడల నిరుటి చోటనే ఆగిపోవును. ఇది మా అంచనా. తప్పయినచో పందెములు కాచినవారు మమ్ము మన్నింతురు గాక.

ఇప్పుడు ఆ కాగితము సంగతికి వత్తము. దానిలో మాకు కనబడిన మొదటి తప్పు లెక్కతప్పు. జట్టులో తెలుగువానికి చోటు లేదని వ్రాసిరి. కోలారు ఫార్వర్డు తెలుగువాడు కాడా? సమావేశములో ఈ ప్రశ్న అడిగినప్పుడు చేవ్రాలు చేసినవారిలో నలుగురైదుగురు ఆశ్చర్యపడిరి. అతడు తెలుగువాడని వారెరుగరు. ఏల ఎరుగుదురు? అతని తండ్రికి మన పేటలో దుకాణము లేదు. మన సంఘపు ఉగాది సంబరములకు అతనికి ఆహ్వానము పోలేదు. హాస్టలులో ఉండి, కూలికి పోవు తల్లి పంపు డబ్బుతో చదువుకొనుచున్నాడు. తెలుగువాడనగా మనకు తెలిసినవాడని, మన కొట్టువరుసవాడని అర్థమా? ఈ ప్రశ్న మాకును తగులును. అధ్యక్షులమైన మేమును ఈ జూన్ వరకు అతనిని పలుకరించి యెరుగము.

రెండవ తప్పు విరాళమునకు వెల కట్టుట. దానము చేసినప్పుడు మనము గోలుకంబముల నడిమి చోటును కొనుక్కొంటిమా? అటువంటి ఒప్పందమే యున్నచో దానిని దానమనరు, బేరమందురు. రేపు మరియొక భాషవారు మనకంటె పెద్ద మొత్తమిచ్చి నాయకత్వము అడిగిన మనమేమి చెప్పగలము?

మూడవది అన్నిటికంటె పెద్దది. మనము ఈ రాష్ట్రములో భాషా అల్పసంఖ్యాకులము. మనకు కొన్ని హక్కులు కలవు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషా అల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలిగించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. మన సమస్యలను విచారించుటకు ప్రత్యేకాధికారి యుండవలెనని 350-బి చెప్పుచున్నది. వీనిని అడుగుటకే ఈ సంఘమున్నది. దాని ముద్ర యున్నది. హుండీపై చేవ్రాలునకు విలువ యెప్పుడు? ఇచ్చిన ప్రతి హుండీయు చెల్లినప్పుడు. చెల్లని హుండీ ఒక్కటి బజారులో తిరిగిన చాలును, తరువాతి వానిని ఎవడును ముట్టడు. తెలుగు పంతులుగారు కావలెనని రేపు మనము వ్రాయు అర్జీ చూచి, "వీరే కదా గోలుకీపరు కొరకు కూడ వ్రాసినవారు" అని అధికారులు నవ్వినచో ఆ నష్టము ఎవరిది? రెండవ తరగతి చదువు పసిబిడ్డలది.

అన్యాయము జరిగినప్పుడు కూడ నోరు మూసికొనవలెనా అని అడుగవచ్చును. కూడదు. తెలుగు పేరు విని ఒక పిల్లవానిని మైదానములోనికే రానీయకున్నచో మేమే ముందు నిలిచి అడుగుదుము. ఇక్కడ జరిగినది అది కాదు. ఇద్దరికిని సమానముగా అవకాశమిచ్చి, అందరి కన్నుల యెదుట పరీక్షించి, ఈ యేటికి మెరుగైనవానిని కోచ్‌గారు ఎంచుకొనిరి. ఎంపికలో ఓడుట వేరు, అన్యాయమునకు లోనగుట వేరు. ఈ భేదము మనము మరచినచో నిజమైన అన్యాయము జరిగిననాడు మన మాట ఎవరును నమ్మరు.

ఫుట్‌బాల్ చరిత్రలో మన తెలుగునేలకు సంబంధించిన గొప్ప ఉదాహరణము ఒకటి కలదు. 1950 నుండి 1963లో కన్నుమూయువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడిపంతులు. ఆయన శిక్షణలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. ఆయన తర్ఫీదులోనే భారత జట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. 2024లో వచ్చిన మైదాన్ అను హిందీ చలనచిత్రము ఆయన కథయే కనుక యువకులకు ఆ పేరు తెలిసియుండును.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలకు రహీం గారు తీసికొనిపోయిన జట్టును చూడుడు. నాయకుడు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, అరుణ్ ఘోష్ బెంగాలీలు. జర్నైల్ సింగు, త్రిలోక్ సింగు పంజాబువారు. ఫ్రాంకో గోవా మూలముల వాడు. చంద్రశేఖరు మలయాళి. గోలుకీపరు పీటరు తంగరాజు హైదరాబాదులో పుట్టినవాడు. తులసీదాస్ బలరాం సికిందరాబాదు ప్రక్కన అమ్ముగూడలో నివసించిన పేద తమిళ కుటుంబపు బిడ్డ. తెలుగునేలపై తమిళ బాలుడు, కన్నడనేలపై తెలుగు బాలుడు: అతని స్థితియు మన పిల్లల స్థితియు ఒక్కటే కాదా? బలరాంను పైకి తెచ్చినది ఏ తమిళ సంఘపు ఉత్తరమును కాదు. అతని కాళ్లలోని ఆట, దానిని గుర్తించిన ఉర్దూ పంతులుగారి కన్ను. తరువాత అతడు కలకత్తా పోయి ఈస్టు బెంగాలు జట్టుకు నాయకుడైనాడు. 2023 ఫిబ్రవరిలో మరణించువరకు దేశమంతయు అతనిని తనవానిగానే తలచినది.

ఆ పోటీలోనిదే మరియొక సంగతి. జర్నైల్ సింగు నడిమి బ్యాకు. థాయిలాండుతో ఆడిన ఆటలో తలకు గాయమై కుట్లు పడినవి. సెమీఫైనలునకు అతనిని రహీం గారు సెంటరు ఫార్వర్డుగా నిలిపిరి. బ్యాకును ముందుకు నెట్టిరేమి అని అతడు అలుగలేదు. ఫైనలులో దక్షిణ కొరియాపై మొదటి గోలు పి.కె. బెనర్జీ వేయగా రెండవది జర్నైల్ సింగే వేసెను. 2–1తో బంగారు పతకము మనకు వచ్చినది. జట్టునకు ఏది కావలెనో అది చేయువాడే ఆటగాడు. తన వర్గమునకు ఏ చోటు రావలెనని చూచువాడు కాడు.

సమావేశము ముగిసిన మరునాటి సాయంకాలము మన గోలుకీపరు పిల్లవాడే మా దుకాణమునకు వచ్చినాడు. తన కొరకు ఉత్తరము సిద్ధమైన సంగతి అతనికి ఎవరో చెప్పిరట. గల్లాపెట్టె ప్రక్కన నిలిచి, "మామయ్యగారూ, దయచేసి ఆ ఉత్తరము పంపవద్దు. మీరు వ్రాసినందువలన నన్ను నిలిపి, ఆ దినమున గోలు పడినచో నేను మొగము ఎక్కడ పెట్టుకొందును? నాకు బంతి నేర్పుచున్నవాడు ఆ తమిళ అన్నయ్యే" అనినాడు. ఇంతకంటె ఆ కాగితమునకు వేరు జవాబు కావలెనా? మన గౌరవము కాపాడబోయి మనము ఆ బిడ్డ గౌరవమును తీయబోతిమి.

మరి మనము చేయదగిన పని లేదా? కలదు, అది కళాశాలలో కాదు, మన యింటిలోనే యున్నది. ఆ జట్టునకు ఈనాడు కావలసినది ఎడమ బ్యాకు. ఆ ఎడమ బ్యాకును ఇంట కూర్చుండబెట్టినవారము మనమే. కోచ్‌గారు తెలుగు పిల్లవానిని వెలివేయలేదు. ఆయన అడుగుచున్న తెలుగు పిల్లవానిని మనము పంపుట లేదు.

మేము బుధవారము రాత్రి ఆ తండ్రిగారి యింటికి వెళ్లితిమి. వారు మాకంటె పెద్దవారు, మర్యాదస్థులు. కాఫీ ఇచ్చి, "తమ్ముడూ, నీవును దుకాణము చూచుకొనువాడవే. ఆట అన్నము పెట్టునా, నీవే చెప్పు" అనిరి. "పెట్టదన్నా" అని ఒప్పుకొంటిమి. వారి బాధలు రెండు. నిరుడు పిల్లవానికి మోకాలు బెణికి మూడు వారములు మంచమున నుండెను. వైద్యుని ఖర్చు ఎవరును పంచుకొనలేదు. ఒక విషయములో పరీక్ష తప్పెను. ఈ యేడు చార్టర్డు అకౌంటెంటు పరీక్షకు సాయంకాలము శిక్షణ తరగతులలో చేర్చిరి. "వాడు నాకు ఒక్కడే కొడుకు" అనిరి. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోతిమి. తండ్రి భయము తప్పు కాదు. మా తండ్రిగారి భయమును అదే.

అయినను ఒక లెక్క వారి ముందుంచితిమి. అభ్యాసము ఉదయము ఆరు నుండి ఏడున్నర వరకు, వారమునకు నాలుగు దినములు. అనగా ఆరు గంటలు. శిక్షణ తరగతులు సాయంకాలము. ఈ రెండును ఢీకొనవు. పరీక్ష తప్పినది ఆట వలననా, మంచమున పడిన మూడు వారములలో పాఠము చెప్పువాడు లేకపోవుట వలననా అని అడిగితిమి. వారు కొంతసేపు మాటలాడలేదు. లోపలినుండి తల్లిగారు, "ఆట మానినప్పటినుండి వాడు అన్నము సరిగా తినుట లేదు" అనిరి. తండ్రిగారు ఔననలేదు, కాదనలేదు. ఆలోచించి చెప్పుదుమనిరి. ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి వారి జవాబు మాకు అందలేదు. అందినది ఏదైనను మేము గౌరవింతుము. అది వారి బిడ్డ, వారి నిర్ణయము.

కాని ఆ భయములో సంఘము పంచుకొనదగిన భాగము కలదు. ఆ భాగము మనము ఇంతవరకు పంచుకొనలేదు. అందుచే కార్యవర్గము ముందు ఈ వారము మేము ఒక ప్రతిపాదన ఉంచుచున్నాము. ఉత్తరమునకై లేచిన చేతులే దీనికిని లేవవలెను. ఆటలో గాయపడిన విద్యార్థి వైద్యపు ఖర్చునకు ఒక చిన్న నిధి ఏర్పాటు చేయవలెను. మంచమున పడిన దినములలో పాఠములు చెప్పుటకు మన చార్టర్డు అకౌంటెంటు మిత్రులలో ఒకరిద్దరు ముందుకు రావలెను. అభ్యాసము ముగియగనే పిల్లలకు పాలు, గుడ్లు, అరటిపండ్లు అందవలెను. లేనివారికి మంచి బూట్లు కొనిపెట్టవలెను. 1952లో హెల్సింకి చలిలో మన దేశపు ఆటగాండ్రు పలువురు వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన సంగతి తెలిసినవారికి బూటు అలంకారము కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక్క నియమము. ఈ సహాయము తెలుగు పిల్లలకు మాత్రమే అనరాదు. జట్టు అంతటికిని కావలెను. తమిళ గోలుకీపరు గ్రుడ్డు తినుచుండగా మన పిల్లవాడు తినుటయు, మన పిల్లవాడు తినుచుండగా అతడు చూచుటయు రెండును మనకు తలవంపులే. ఈ నేలపై మనము తరతరములుగా వ్యాపారము చేసి బ్రతికినది అన్ని భాషలవారికి గుడ్డ కొలిచి యిచ్చియే కదా! కొలత అందరికి ఒక్కటే. ఆ మంచిపేరే మన మూలధనము.

పెద్దలకు మరియొక విన్నపము. పోటీలు మొదలైన పిమ్మట ఒక్క ఆటకైనను మైదానమునకు రండు. ఇంత పేటలో విరాళపు చీటీలపై చేవ్రాలు చేయువారు వందమంది. మైదానపు గట్టున నిలుచువారు ముగ్గురు. మనము గట్టున నిలిచిన యెడల కోలారు పిల్లవానికి తనవారు ఉన్నారని తెలియును. రెండవ గోలుకీపరుగా బల్లపై కూర్చుండిన మన పిల్లవానికి అక్కడ కూర్చుండుట అవమానము కాదని తెలియును. నేటి నిబంధనల ప్రకారము ఒక ఆటలో ఐదుగురు ఆటగాండ్రను మార్చుకొనవచ్చును. బల్లపై కూర్చుండినవాడును జట్టులోనివాడే.

ఈ జట్టు ఓడవచ్చును. ఎడమ బ్యాకు వచ్చినను ఓడవచ్చును. ఆటలో అది సహజము. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, ఓడిననాడు భాషను అడ్డము పెట్టుకొను అలవాటు మాత్రము మన పిల్లలకు మనము నేర్పరాదు. పేర్లు పంపుటకు ఇంక పది దినములున్నవి. ఉత్తరమునకు సేకరించిన చేవ్రాళ్ల కాగితము మా దుకాణములో భద్రముగా ఉన్నది. దాని వెనుకప్రక్క ఖాళీగా నున్నది. నిధికి ఎవరెవరు ఎంత ఇత్తురో ఆ ప్రక్కన వ్రాయుటకు పెద్దలు ఎప్పుడు వచ్చినను గల్లాపెట్టె వద్ద మేమే యుందుము. మొదటి పంక్తిలో మా మొత్తము వ్రాసితిమి.